కళాశాల తర్వాతి పదేళ్ళు

మనిషి జీవితగమనాన్ని కళాశాల ఎంతవరకు నిర్ణయిస్తుందన్న ప్రశ్నకు పట్టా, పట్టాతో వచ్చే ఉద్యోగం, ఉద్యోగంతో వచ్చే జీతం అన్న వరుసలోనే సమాధానం చెప్పడం అందరికీ అలవాటైపోయింది. ఆ సమాధానంలో నిజం లేకపోలేదు గానీ, పెన్నా డెల్టాలో ఆరేళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరి చదువులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అది ఎంత అరకొరగా ఉందో తేటపడుతుంది. బెజవాడ గోపాలరెడ్డి 1907లో బుచ్చిరెడ్డిపాలెంలోను, పుచ్చలపల్లి సుందరయ్య 1913లో విడవలూరు ప్రాంతంలోని అలగానిపాడులోను జన్మించారు. ఇద్దరివీ భూవసతి గల రెడ్డి కుటుంబాలే. ఇద్దరూ పెన్న నీటితో పండే మాగాణుల మధ్య పెరిగినవారే. ఇద్దరూ యౌవనంలోనే స్వాతంత్ర్యోద్యమంలోకి దిగి జైలుకు వెళ్ళినవారే. అయినా 1955 ఎన్నికల తరవాత ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో గోపాలరెడ్డి ముఖ్యమంత్రిగా కూర్చోగా, 196 స్థానాల సభలో 15 స్థానాలకే పరిమితమైన కమ్యూనిస్టు పక్షాన గన్నవరం నుంచి గెలిచి వచ్చిన సుందరయ్య ఎదుటి వరుసలో కూర్చున్నారు. ఊరు, కులం, ఆస్తి, కాలం ఇంచుమించు ఒకటే అయినప్పుడు దారులు ఇంతగా చీలిపోవడానికి ఒక్క కారణమే ఉండదు. కానీ ఉన్న కారణాల్లో పదిహేడు, ఇరవై ఏళ్ళ నడుమ వారు ఎక్కడ ఉన్నారు, ఎవరి మధ్య ఉన్నారు అన్నది చిన్నది కాదు.

గోపాలరెడ్డి చదివినది మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను, ఆపైన శాంతినికేతనంలోను. మొదటిది 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ప్రభుత్వ విద్యకు ప్రత్యామ్నాయంగా స్థాపించిన జాతీయ విద్యాలయం. అంటే గుమాస్తాలను తయారుచేసే చదువు కాకుండా చేతిపనులను, కళలను, దేశభాషను కలిపి నేర్పాలన్న సంకల్పంతో పుట్టినది. రెండవది రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్వభారతి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన ఒక యువకుడు అక్కడ 1927 వరకు ఠాగూర్ నీడన గడిపి, బెంగాలీ నేర్చి, తిరిగి వచ్చాక రాజకీయాల్లోకి దిగి, 1937 నాటి రాజాజీ మంత్రివర్గంలో ముప్పై ఏళ్ళకే మంత్రి అయ్యాడు. ఆ తరవాత ఆర్థికశాఖలు, ముఖ్యమంత్రిత్వం, కేంద్ర మంత్రి పదవి, ఉత్తరప్రదేశ్ గవర్నరు పదవి వరసగా వచ్చినా ఠాగూర్ రచనలను తెనిగించే పని మాత్రం ఆయన మానలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి అధ్యక్షత వహించినదీ ఆయనే. మంత్రులు సాహిత్య సభలకు వచ్చి జ్యోతి వెలిగించి వెళ్ళడం తెలుగువారికి కొత్త కాదు గానీ, అధికారంలో ఉంటూ దశాబ్దాల తరబడి అనువాదం చేసిన మంత్రి అరుదు.

సుందరయ్య సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మద్రాసు లయోలా కళాశాలలో ఇంటర్మీడియట్ స్థాయి చదువు నడుస్తుండగానే 1930లో, పదిహేడేళ్ళ వయసులో, గాంధీ పిలుపు అందుకుని ఆయన చదువు విడిచిపెట్టారు. అరెస్టు చేసిన ప్రభుత్వం ఆయన చిన్న వయసును బట్టి తంజావూరులోని బోర్‌స్టల్ పాఠశాలకు పంపింది. బోర్‌స్టల్ అంటే కుర్రవయసు ఖైదీలను పెద్ద నేరస్థులతో కలవనీయకుండా విడిగా ఉంచి, క్రమశిక్షణతో దిద్దాలన్న ఉద్దేశంతో బ్రిటిష్‌వారు ప్రవేశపెట్టిన జైలు. దిద్దడం మాట ఎలా ఉన్నా, కమ్యూనిస్టు భావాలున్న వారితో సుందరయ్యకు పరిచయం ఏర్పడినది అక్కడే. విడుదలై ఊరికి వచ్చాక ఆయన చేపట్టిన మొదటి పని తన సొంత వర్గంవారి పొలాల్లో వెట్టి చేస్తున్న వ్యవసాయ కూలీలను కూడగట్టడం. ఆ తరవాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్‌ఖాన్ ఆయనను పార్టీలోకి తీసుకువచ్చారు. పేరులోని కులసూచకాన్ని వదులుకోవడం, పార్టీ సహచరి లీలను పెళ్ళాడటం, సంతానం వద్దనుకోవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. చివరిదాకా చదవని చదువు ఒకరి జీవితాన్ని ఇంతగా మలచిందంటే, కళాశాల ఇచ్చే పట్టాకూ కళాశాల వయసు చేసే పనికీ మధ్య సంబంధం అనుకున్నంత గట్టిది కాదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఈ వయసుకు ఇంత బలం ఎందుకు ఉంటుందన్న విషయాన్ని సామాజిక శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. తరం అంటే ఒకే ఏడాది పుట్టినవారి గుంపు కాదని, ఒకే వయసులో ఒకే చారిత్రక ఘట్టానికి లోనైనవారి సముదాయమని 1928 నాటి వ్యాసంలో కార్ల్ మన్‌హైమ్ వివరించాడు. ఇంట్లో అప్పటిదాకా ప్రశ్నించకుండా స్వీకరించిన సంగతులను మనిషి స్వయంగా తూచి చూడటం దాదాపు పదిహేడేళ్ళ ప్రాయంలో మొదలవుతుందని కూడా ఆయన అభిప్రాయపడ్డాడు. దీనికి కొలతతో కూడిన రుజువు అమెరికాలోని బెనింగ్టన్ మహిళా కళాశాలలో లభించింది. సంపన్న, సంప్రదాయ కుటుంబాల అమ్మాయిలు చదివే ఆ కళాశాలలో థియొడోర్ న్యూకూమ్ అనే మనోవిజ్ఞాని 1930ల్లో అధ్యయనం జరిపాడు. 1936 అధ్యక్ష ఎన్నికల్లో తల్లిదండ్రులు మొగ్గిన రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌ను మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో 62 శాతం మంది బలపరచగా, చివరి రెండు సంవత్సరాల వారిలో ఆయనకు దక్కిన మద్దతు 15 శాతమే. ఉదార భావాలున్న అధ్యాపకుల, సీనియర్ల మధ్య మూడు నాలుగేళ్ళు గడిపేసరికి ఇంటి రాజకీయం ఇంటి దగ్గరే ఉండిపోయిందన్నమాట.

అంతకంటే ఆసక్తికరమైనది దాని కొనసాగింపు. దాదాపు పాతికేళ్ళ తరవాత అవే మహిళలను మళ్ళీ కలిసి చూసినప్పుడు వారిలో ఎక్కువమంది కళాశాలలో ఏర్పరచుకున్న అభిప్రాయాలనే నిలుపుకొని ఉన్నారని న్యూకూమ్ బృందం 1967లో ప్రకటించింది. అయితే ఆ నిలకడకు పాఠాల బలం కారణం కాదు. కళాశాల విడిచాక వారు ఎంచుకున్న భర్తలు, స్నేహితులు, వృత్తులు ఆ అభిప్రాయాలకు అనుకూలమైనవి కావడం ముఖ్యమైన కారణం. మనిషి తన ఆలోచనను, నడవడిని ఎవరితో పోల్చి చూసుకుంటాడో ఆ సమూహాన్ని సామాజిక శాస్త్రంలో సూచక బృందం అంటారు. కళాశాల ఒక కొత్త సూచక బృందాన్ని చూపిస్తుంది. అది మనిషి వెంట నిలుస్తుందా లేదా అన్నది ఆ తర్వాతి పదేళ్ళలో తేలుతుంది. గోపాలరెడ్డికి శాంతినికేతనం నిలిచింది, అనువాదం రూపంలో ఆయన దానితో సహవాసం మానలేదు కనుక. సుందరయ్య ఆ సహవాసాన్ని పేరు దగ్గరనుంచి పెళ్ళి దాకా తానే కట్టుకున్నారు.

నెల్లూరు పట్టణంలో ఈ పని చాలాకాలం వెంకటగిరి రాజా కళాశాల చేసింది. స్థానికులకు అది వి.ఆర్. కాలేజీ. అక్కడ విద్యార్థి నాయకుడుగా ఎదిగి, న్యాయశాస్త్రం చదవడానికి విశాఖపట్నం వెళ్ళి, జై ఆంధ్ర ఉద్యమంలో పేరు తెచ్చుకున్న ముప్పవరపు వెంకయ్యనాయుడు 1978లో ఉదయగిరి నుంచి శాసనసభకు, 2017లో ఉపరాష్ట్రపతి పదవికి చేరిన వైనం అందరికీ తెలిసిందే. ఆయన రాజకీయాలు నచ్చినవారూ నచ్చనివారూ ఉండవచ్చు. ఓట్లు అడగడం, ఓడితే తట్టుకోవడం, ఎదుటిపక్షం వాడితో మర్నాడు ఒకే బెంచీ మీద కూర్చోవడం నేర్చుకునే చోటు ఒకటి ఉండేదన్నది ఇక్కడ అవసరమైన విషయం. విద్యార్థి సంఘ ఎన్నికలు రాష్ట్రంలో 1980ల చివర ఆగిపోయాయి. హింస, కుల ముఠాలు అందుకు చెప్పిన కారణాలు. అవి కల్పితాలేమీ కావు. కానీ తలనొప్పికి తల తీసేసిన వైద్యంగానే దాన్ని చెప్పుకోవాలి.

ఈ మధ్యలో జీవితాన్ని నిర్ణయించే ఘడియ కళాశాలకన్నా ముందుకు జరిగింది. రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969లో వచ్చింది. ఎంసెట్ 1980ల్లో వచ్చింది. 1979లో నెల్లూరులో గణితం ట్యూషన్‌గా మొదలైన నారాయణ వంటి సంస్థలు దేశమంతటా విస్తరించాయి. నివాస కళాశాల పద్ధతి ఏ ఒక్క సంస్థదీ కాదు, దాని మేలు కూడా కాదనలేనిది. ఇంట్లో చదివించే నాథుడు లేని పల్లెటూరి పిల్లలు ఎందరో ఆ హాస్టళ్ళ నుంచే ఇంజినీర్లయ్యారు. దాని వెల మాత్రం వేరే చోట చెల్లించవలసి వచ్చింది. స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, మార్కులను బట్టి మారే సెక్షన్, నెలకోసారి ఔటింగ్ అనే చట్రంలో పదహారు, పదిహేడేళ్ళు గడిచిపోతున్నప్పుడు, తనకన్నా భిన్నంగా ఆలోచించే మనిషి ఆ కుర్రవాడికి తారసపడే అవకాశమే లేదు. ఇంజినీరు కావాలని మద్రాసు చేరిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి పాటల పోటీలకు వెళ్ళేందుకు తీరిక దొరకకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఊహ ఇక్కడ అసందర్భం కాదు.

అయితే తీరంలోనే ఉన్న ఒక చిన్న కళాశాల ఈ చిత్రాన్ని కొంత సరిదిద్దుతుంది. కృష్ణపట్నం రేవుకు దగ్గరలో ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల ఏర్పడింది. రొయ్యల సాగు తీరమంతా పాకుతున్న రోజులవి. కొద్ది ఏళ్ళకే తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను తుడిచిపెట్టింది, 2009 తరవాత వనామీ రకంతో సాగు మళ్ళీ పుంజుకుంది. అక్కడి నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎస్‌సి. కోర్సులో చేరేవారిలో చాలామంది ఎంబీబీఎస్ సీటు ఆశించి, ర్యాంకు చాలక కౌన్సెలింగ్‌లో వచ్చినది తీసుకున్నవారే. అంతకుముందు సముద్రాన్ని చూడని మెట్ట ప్రాంతపు పిల్లలు కూడా సూక్ష్మదర్శిని కింద రొయ్య పిల్ల నాప్లియస్, జోయా, మైసిస్ దశలు దాటి పోస్ట్ లార్వాగా, అంటే రైతు సీడు అని కొనే రూపానికి, మారడాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటారు. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన గింజను బట్టి, రొయ్య పేగు నిండిన తీరును బట్టి చెరువు ఆరోగ్యం చెప్పగలగడం, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయే వేళకు ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటం వారి వృత్తి. కోరుకోని కోర్సు ఇలా జీవితంగా కుదురుకోవడానికి చదువు ఎంత కారణమో, పట్టా తరవాత అనుదినం కలిసే రైతులు, హేచరీలవారు, మేత కంపెనీల సీనియర్లు అంత కారణం.

ఆ కొనసాగింపు అందరికీ సమానంగా దక్కదు. రాత్రివేళ చెరువు గట్టు మీద ఉండవలసిన పనికి అమ్మాయిలను పంపడానికి కుటుంబాలు జంకుతాయి. పెళ్ళయి హైదరాబాదు అపార్టుమెంటుకు చేరిన మత్స్యశాస్త్ర పట్టభద్రురాలికి చెరువూ ఉండదు, చెరువు గురించి మాట్లాడే మనిషీ ఉండడు. బెనింగ్టన్ విద్యార్థినులు తమ భావాలకు తగిన భర్తలను తామే ఎంచుకున్నారు. ఇక్కడ పెళ్ళిచూపుల్లో అమ్మాయి తరఫువారు అడిగే ప్రశ్న, అదీ అడిగితే, ఉద్యోగం చేయనిస్తారా అన్నది; ఏ ఉద్యోగం, ఏ ఊళ్ళో అన్నంత దూరం మాట సాగదు.

కళాశాలల ప్రతిభను కొలిచే ప్రభుత్వ విభాగాలు, గుర్తింపు సంఘాలు మొదట అడిగేది చివరి సంవత్సరంలో ఎందరికి ఉద్యోగాలు వచ్చాయన్న లెక్క. 2008లో ఏర్పడి, కాకుటూరు ప్రాంగణంలో నడుస్తున్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి ఇంతకన్నా మంచి లెక్క తీయగల వయసు వచ్చింది. దాని తొలి బ్యాచ్‌లవారికి పట్టా చేతికి వచ్చి పదేళ్ళు దాటిపోయాయి. వారి పేర్లు, ఊళ్ళు విశ్వవిద్యాలయం రిజిస్టర్లలోనే ఉన్నాయి. సామాజిక శాస్త్ర విద్యార్థులకు ప్రాజెక్టుగా అప్పగించి, వారిలో ఒక వందమందిని వెతికి పట్టుకుని, జీతం ఎంతని కాకుండా, ఎక్కడ స్థిరపడ్డారు, ఎవరిని పెళ్ళి చేసుకున్నారు, చదివిన విషయం గురించి వారానికి ఒకసారైనా ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, క్లాసులోని వేరే కులం స్నేహితుడి ఇంటికి ఇప్పటికీ వెళ్ళివస్తున్నారా అని అడిగించవచ్చు. దానికి పెద్ద నిధులేవీ అవసరం లేదు, ఒక వేసవి సెలవు చాలు.