రోడ్డు పేరు మారిస్తే సరిపోతదా?

ఫస్టియర్‌లో ‘మీది ఎక్కడ?’ అని అడిగినోళ్లకు ‘ధూల్‌పేట్’ అని చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న ఒకటే: ‘సరుకు దొరుకుతదా?’ నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది.

గుడుంబా ఉండేది, అబద్ధం చెప్పను. నల్లబెల్లం, పటిక, వెనక గదిలో పొయ్యి. తెలంగాణ వచ్చాక దాడులు పెరిగాయి. నేను అప్పుడు బడిలో ఉన్నా. పక్కింటోళ్ల కుండలు గల్లీలోనే పగలగొట్టారు, మురికికాల్వ రెండ్రోజులు పులిసిన వాసన. తప్పు తప్పే, చట్టం చట్టమే అన్నారు. నేనూ అదే అనుకున్నా.

మొన్న హైవే ఇంజినీరింగ్‌లో రోడ్ల వర్గీకరణ వచ్చింది. 1943 నాగ్‌పూర్ ప్లాన్ నుంచి ఉన్న వరసే: జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్డు, ఇతర జిల్లా రోడ్లు, ఊరి రోడ్లు. చదునైన నేల మీద మొదటి రెండింటికీ డిజైన్ స్పీడ్ గంటకు 100 కిలోమీటర్లు, మూడోదానికి 80. మలుపు, సూపర్ ఎలివేషన్, సైట్ డిస్టెన్స్ అన్నీ దాన్నిబట్టే. అంటే క్లాస్ అనేది బోర్డు మీద రాసే పేరు కాదు కదా?

2017 సంగతి చదివాక డౌటొచ్చింది. హైవేల నుంచి 500 మీటర్ల లోపల మద్యం షాపులు ఉండొద్దని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. తాగి నడిపేవాళ్ల వల్ల పోతున్న ప్రాణాలే కారణం. అమలు 2017 ఏప్రిల్ 1 నుంచి. చిన్న ఊళ్లకు తర్వాత 220 మీటర్లు చేశారు. గడువు దగ్గరపడేసరికి కొన్ని చోట్ల షాపుకు బదులు రోడ్డే కదిలింది, కాగితం మీద. చండీగఢ్‌లో ఊరి మధ్య పెద్ద రోడ్లు మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్లయ్యాయి. కేరళలో ఒక బార్ అయితే గేటు ముందు వంకరటింకర దారి కట్టి నడక దూరం పెంచింది! (సర్వేయింగ్ ల్యాబ్‌లో మేం చేసే తప్పులు దీనిముందు ఎంత.) చండీగఢ్ కేసులో 2017 జూలై 11న కోర్టు కూడా మున్సిపల్ పరిధి షాపులకు ఆ తీర్పు అడ్డు కాదంది.

నగరం లోపల బండ్లు మెల్లగా పోతాయన్న మాటలో నిజం ఉంది. పురానాపూల్ దగ్గర సాయంత్రం ఆటో ఎక్కి చూడండి, 20 దాటితే గొప్ప. రింగ్ రోడ్డో బైపాసో వచ్చాక పాత హైవేను నగర రోడ్డు చేయడం కూడా న్యాయమే. నా గొడవ కారణం గురించి. రోడ్డు మారలేదు, ట్రాఫిక్ మారలేదు, మలుపు మారలేదు. షాపు ఉండాలి కాబట్టి క్లాస్ మారింది.

1956 జాతీయ రహదారుల చట్టం రెండో సెక్షన్ ప్రకారం కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో రోడ్డును జాబితా నుంచి తీసేయొచ్చు. ఏ కారణంతో తీయాలో ఆ సెక్షన్‌లో లేదు. అక్కడే రాయాలంటాను: ట్రాఫిక్ కౌంట్, అయిదేళ్ల ప్రమాదాల లెక్క, బైపాస్ ఉందా లేదా, వీటితో ఇంజినీర్ సంతకం పెట్టిన రిపోర్ట్ జనం ముందు పెట్టాకే క్లాస్ మారాలి. రాష్ట్ర రహదారులకూ ఇదే. ఒక రోజు పని మనలాంటి సివిల్ వాళ్లకు దొరికినా దొరికినట్టే.

కుండలు పగిలిన ఆ ఇంట్లో ఇప్పుడు గణపతులు చేస్తున్నారు. ఇల్లు చిన్నది, సీజన్‌లో బొమ్మలు రోడ్డు అంచుకు వస్తాయి, తీసేయమంటారు. వాళ్లు మారు మాట్లాడకుండా రాత్రికి రాత్రే లోపలికి జరుపుకుంటారు.