జతి యొప్పు, ర్యాపు తప్పా?

మన చీరాలలో చదువుకొన్న యిండ్ల పెద్దలు రెండు మాటలు తరచుగ ననుచుందురు. ఆడపిల్ల కూచిపూడి నేర్చిన సంసారమునకు శోభ యనునది మొదటిది. అదే పిల్ల ర్యాపు పాడిన పరువు పోవు ననునది రెండవది. ఈ రెండును ఒక్క నోట నెట్లు పొసగునో మాకు బోధపడకున్నది.

కూచిపూడి మేళములలో తరతరములుగ స్త్రీవేషములు సైతము మగవారే కట్టిరి. ఆడపిల్లలు ఆ రంగమెక్కినది గత శతాబ్దముననే. ఆడుది గజ్జె కట్టుట యన్న నాడు గృహస్థులు చెవులు మూసికొనిరి. నేడు వారి మనుమలే జీతమిచ్చి నేర్పించుచున్నారు. గజ్జె నాటిదే, మన చూపు మారినది.

కాలిఫోర్నియాలో తెలుగు తల్లిదండ్రులకు జన్మించిన శ్వేత యల్లాప్రగడ ‘రాజకుమారి’ యను పేర ర్యాపు పాడుచున్నది. 2016లో ‘ది కమ్ అప్’, 2019లో రెండవ చిన్న సంపుటి ‘బ్లడ్‌లైన్’ వెలువరించినది. వంశరక్తమని దీని యర్థము. అమెరికాలో 1970 దశకమున నల్లవారి పేటలలో పుట్టిన ర్యాపునకు తాళము దప్పని పలుకే ప్రాణము. బాల్యముననే నాట్యమభ్యసించిన యీమెకు అట్టి పలుకు క్రొత్త గాదు. నట్టువాంగమున జతి చెప్పువారు చేయునదియు నిదియే గదా! అడుగున యంత్రవాద్యముల మోత, పైన విరిచి విరిచి పలికిన మాట: మోత వినినవారు మాటలోని లెక్కను గమనింపరైరి.

ఆత్మస్తుతి యెక్కువ యని యొక యాక్షేపణ. మీసములు పెంచి పండితలోకమును సవాలు చేసిన తిరుపతి వేంకటకవుల పద్యములను సభలలో చదివి మురియువారమే మనము. మగకవికి ధీరత్వమైనది ఆడుదాని నోట గర్వమెట్లయ్యెను?

లోపము లేకపోలేదు. వంశమును చాటు సంపుటిలో ప్రధానభాష యాంగ్లము. అయినను ఆ నింద ఆమెపై మాత్రమే మోపుట న్యాయము గాదు. ర్యాపునకు తగిన తెలుగు మాట సిద్ధపరుపవలసినది ఇచ్చటి మనము. మన చలనచిత్రములు తరచుగ దానిని చరణముల నడుమ నొక గోలగా వాడి విడిచినవి.

కావున గృహస్థులారా, మీ కుమార్తె ర్యాపు వ్రాసిన కాగితమును చింపకుడు. చదువుడు. ప్రాస కుదిరినదా, అర్థమున్నదా, బూతు లేదా యని పరీక్షింపుడు. కుమారుని పాటకును ఆ పరీక్షనే పెట్టుడు. మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన చీరాల పిల్లకు తాళ మొకరు నేర్పనక్కరలేదు; నోరు మూయకున్న చాలును.