పచ్చిక కోసం చెట్టును నరకొద్దు

చెట్టు కింద లాన్ పలచబడితే చాలు, మాలీ నోట మొదట వచ్చే మాట ‘ఎండ తగలట్లేదు సార్, కొమ్మలు కొట్టించాలి’. ఇంటివాళ్లూ సరేనంటారు. ఏళ్ల తరబడి నీడనిచ్చిన మామిడి కొమ్మలు ఒక్క పూటలో నేలకూలతాయి. లాన్ లేనిది తోటే కాదన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు, పైగా నష్టదాయకం.

లాన్‌కు వేసే గడ్డి ఎండలో బతికే మొక్క. గరిక జాతికైతే నీడ అసలే పడదు. కాడలు సాగి, ఆకులు తగ్గి, చివరికి మట్టి బయటపడుతుంది. అప్పుడు ఇంకాస్త ఎరువు, ఇంకాస్త నీరు, అదీ కుదరకపోతే మళ్లీ కొత్త లాన్! చోటు నప్పని మొక్కకు ఎన్ని సేవలు చేసి ఏం లాభం?

నీడకు నప్పే మొక్క కడియం నర్సరీల్లోనే దొరుకుతుంది. దాని పేరు మోండో గ్రాస్. చూడ్డానికి గడ్డిలా ఉన్నా గడ్డి జాతి కాదు, శతావరి కుటుంబానికి చెందినది. పుట్టిల్లు జపాన్, చైనా ప్రాంతాలు. ఏడాది పొడవునా ముదురు పచ్చగా ఉంటుంది. దుబ్బు పీకి మట్టి దులిపితే వేళ్లకు అక్కడక్కడా తెల్లటి చిన్న గడ్డలు కనిపిస్తాయి. చైనా వైద్యంలో మందుగా వాడేది వాటినే. పొట్టి రకం బెత్తెడు ఎత్తు దాటదు, కనుక మిషన్‌తో కోసే పని లేదు. పూలు కూడా కావాలంటే దీని బంధువు లిరియోపి ఉంది. ఊదారంగు కంకులు వేస్తుంది. అందులో మస్కరి రకం దుబ్బుగానే ఉంటుంది. స్పికాటా మాత్రం భూమి లోపల పాకి పక్క మడిలోకీ వస్తుంది, చూసి కొనాలి.

మోండో గ్రాస్ మీద తిరగలేమంటారు. నిజమే, తొక్కుడుకు ఇది ఆగదు. పిల్లలు ఆడే ఎండ చోట లాన్ వేసుకోండి, కాదనను. చెట్టు కిందికి వెళ్లడానికి నాలుగు బండలు పరిస్తే సరిపోతుంది. నెమ్మదిగా అల్లుకుంటుందన్నదీ నిజమే. మొదటి వేసవిలో నీళ్లు పెట్టాలి, నేల కప్పేదాకా కలుపు తీయాలి. ఆ ఓపిక తర్వాత ఏళ్ల తరబడి కోత ఖర్చు లేకుండా చేస్తుంది.

తొలకరి పడగానే దుబ్బులు విడదీసి, చెట్టు వేళ్లు తెగకుండా వాటి సందుల్లో జానెడు లోపు ఎడంతో నాటండి. కొమ్మల మీద కత్తి మాత్రం పడనివ్వకండి.