చాసరు కథాకావ్య బోధనము: భిలాయి విద్యార్థి

చాసరు కవి 1400లో మరణించెను. ఆయన రచించిన కాంటర్బరీ కథలు నేటికిని ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు పాఠ్యములే. అయినను పెక్కు తరగతులలో ఆ కావ్యపఠన మనగా ఆధునిక వచనానువాదమును, దాని సంగ్రహమును చదువుటయే యగుచున్నది. యాత్రికులు ఎవరు, వారి స్వభావము లెట్టివి అను ప్రశ్నలకు సమాధానములు వచ్చును; పద్యము మాత్రము చెవిని బడదు. కథాకావ్యమును కథగా మాత్రమే చెప్పుట దానిని సగము చెప్పుటయు గాదు.

భిలాయిలో ఈ లోపము మఱింత శోచనీయము. ఉక్కు కర్మాగారమున తొలి బ్లాస్టు ఫర్నేసు 1959లో ప్రారంభమైన పిదప నలుదెసల కుటుంబములు వచ్చి స్థిరపడిన పట్టణ మిది; వారిలో తెలుగువారును గలరు. దీనికి సమీపమున గల గనియారి గ్రామమున జన్మించిన తీజన్ బాయి ఈ కర్మాగారముననే ఉద్యోగినిగా నుండినది. స్త్రీలు కూర్చుండి పాడు వేదమతి రీతిని విడిచి, ఆమె నిలుచుండి అభినయించు కాపాలిక రీతిలో పాండవాని పాడినది. 2019లో పద్మవిభూషణము నందినది. ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణము భీముని గద, మఱుక్షణము అర్జునుని విల్లు. ఒకే కథకుడు పలు గొంతుకలతో పలుకుట యెట్టిదో ఇచ్చటి బాలునకు పుస్తకము చూచి నేర్వనక్కఱలేదు.

తెలుగు విద్యార్థికి వేఱొక సౌలభ్యము కలదు. చాసరు కాలమున పదాంతమందలి ఎకారము పెక్కు తావుల పలుకబడెడిది. తరువాతి ఆంగ్లమున అది మూగవోయినది. నేటి ఉచ్చారణతో చదివినచో పదక్షరముల పాదము ఎనిమిదింటికో తొమ్మిదింటికో తగ్గి కుంటును. అజంతభాషలో పెరిగినవానికి పదాంతమున అచ్చు పలుకుట వింత గాదు. పరపదము అచ్చుతో మొదలైనపుడు ఆ ఎకారము లోపించు ననినచో, సంధి నెఱిగినవానికి వేఱు వ్యాఖ్యానము వలయునా? చాసరు జంటపాదములకు అంత్యప్రాసము. పాల్కురికి సోమన ద్విపదకు ద్వితీయాక్షర ప్రాసము. రెండింటిని నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి బిగ్గరగా చదివించిన చాలును, భేదము తానే తెలియును.

అయితే చాసరును జానపద గాయకునిగా భ్రమింపరాదు. పిండిమరవాని కథకు ముందు, అది రుచింపనివారు ఆకు త్రిప్పి వేఱొక కథ నెన్నుకొనవచ్చునని ఆయనయే చెప్పెను. శ్రోతతోబాటు పాఠకుని గూడ మనసున నుంచుకొన్న కవి యాయన. కనుక వినికిడి పిదప మూలగ్రంథమును, పదకోశమును చేపట్టవలసినదే. వచనసంగ్రహమునకు స్థానము చిట్టచివర.

ఉచ్చారణ తప్పునేమో యను జంకు ఉపాధ్యాయులలో కొందఱకు గలదు. నాటి ఉచ్చారణ నేడు పండితులు ఊహించి కూర్చినదే కదా! అసలు చిక్కు పరీక్షలో నున్నది. పద్యమును చదివి వినిపించుటకు పది మార్కులైన కేటాయింపనంతవఱకు విద్యార్థులు సంగ్రహములనే కొనుచుందురు. అందు వారి దోష మేమియు లేదు.