తాఖత్ ఒక అమానత్

‘మై హీరో అకాడెమియా’ యానిమేతో 2018లో ‘మై హీరో వన్స్ జస్టిస్’ ఫైటింగ్ గేమ్ వచ్చింది. హరామ్ అంటూ పిల్లల చేతిలోంచి లాక్కునే అమ్మీ-అబ్బాలకు ఒక మాట.

కథలో మిదోరియాకు పుట్టుకతో ఏ శక్తీ లేదు. తనను ఏడిపించినవాణ్ణి కాపాడటానికి ఉత్త చేతులతో పరిగెత్తాడు. అది చూసే ఆల్‌మైట్ తన తాఖత్ అతనికి అప్పగించాడు. అది అమానత్.

గేమ్‌లో విలన్‌గానూ ఆడొచ్చు. గోడలు కూలుతుంటాయి. ఎదుటివాడి బలం సున్నా అయితే జీత్. ఎవర్నీ కాపాడే పని లేదు.

నా రాయ్: గేమ్ ఆపకండి, ఆ కథ అడగండి. మన నందికొండవాళ్లయితే సాగర్ డ్యామ్ చూపించండి. 1955లో పునాది పడ్డ ఆ కట్టకు రాళ్లు మోసింది మామూలు మజ్దూర్లే. వాళ్ల తాఖత్ ఇప్పటికీ పొలాలకు పారుతోంది.