గ్రామఫోను ప్లేటును పాతసామానుకు వేయవద్దు

పిల్లలూ, ముందుగా ఒక పొడుపు ప్రశ్న. గ్రామఫోను రికార్డుకు ఒక పక్కన ఎన్ని గాడులుంటాయి? వందలా, వేలా? నిజానికి ఉండేది ఒక్కటే! దోమలబత్తీ చుట్టలాగా అంచు నుంచి మధ్యకు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడి అది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డు 22 నిమిషాలు మోగితే సుమారు 733 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టు సగటున 65 సెంటీమీటర్లు అనుకొని గుణించి చూడండి. ముల్లు నడిచిన దూరం 470 మీటర్లు దాటుతుంది. అంటే దాదాపు అర కిలోమీటరు!

ఇలాంటి రికార్డులూ, వాటిని వాయించే పెట్టెలూ ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. ఇల్లు సర్దినప్పుడల్లా అవి పాత ఇనప సామానుతో కలిసి తూకానికి వెళ్లిపోతున్నాయి. "సెల్‌ఫోనులో కావలసినన్ని పాటలు వస్తుంటే ఇవెందుకు?" అని పెద్దలు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. "పాతదంతా బంగారం" అంటే అది జవాబు కాదు. సైన్సు చదివేవాళ్లు కారణం చూపించాలి. నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఇది కంటికి కనిపించే యంత్రం. సెల్‌ఫోను విప్పి చూసినా పాట ఎక్కడుందో తెలియదు. రికార్డును మంచి భూతద్దం కింద పెట్టండి. గాడి తిన్నగా ఉండదు, వంకరలు తిరిగి ఉంటుంది. ఆ వంకరలే పాట. 1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపం మీద ధ్వనిని మొదట గీశాడు. 1887లో ఎమిలీ బెర్లినర్ బల్లపరుపు పళ్లేనికి పేటెంటు కోరాడు. కీ ఇచ్చే గ్రామఫోనుకు కరెంటే అక్కరలేదు. చుట్టుకున్న స్ప్రింగులోని స్థితిశక్తి పళ్లేన్ని తిప్పుతుంది. గాడి వంకరలకు ముల్లు ఊగుతుంది, ముల్లు ఊగితే సౌండుబాక్సులోని పలుచని పొర కంపిస్తుంది, ఆ కంపనాలను బాకా గదిలోకి చేరవేస్తుంది. తరువాత వచ్చిన కరెంటు పెట్టెల్లో కొన్నింటిలో ముల్లు ఒక స్ఫటికాన్ని నొక్కి విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. మరికొన్నింటిలో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. అది 1831 నాటి ఫారడే సూత్రం. మీ భౌతికశాస్త్ర పుస్తకంలో వేరువేరు పాఠాల్లో ఉన్నవన్నీ ఒక్క పెట్టెలో కలిసి పనిచేస్తుంటాయి.

ఆ పెట్టెతో ప్రయోగాలూ చేయవచ్చు. 33⅓ వేగంతో మోగవలసిన రికార్డును 45 మీద పెట్టండి. గొంతు సన్నబడుతుంది, పాట తొందరపడుతుంది. 440 పౌనఃపున్యం గల స్వరం 594కు చేరుతుంది. సంగీతం నేర్చుకునేవాళ్లుంటే అడిగి చూడండి, గాయకుడి షడ్జమం దాదాపు శుద్ధ మధ్యమం దగ్గరకు జరిగిందని చెబుతారు. ఇంకొకటి. పెద్ద రికార్డు అంచున గాడి వ్యాసార్ధం సుమారు 14.6 సెంటీమీటర్లు, లోపల చివర సుమారు 6. పళ్లెం ఒకే వేగంతో తిరిగినా ముల్లు కింద గాడి కదిలే వేగం అంచున సెకనుకు 51 సెంటీమీటర్లయితే, లోపల 21 మాత్రమే. అంటే అంతే పాటను సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. చివరి పాట కాస్త బొంగురుగా వినబడితే అందుకు ఇదొక కారణం.

మూడో ప్రయోగం నాకు చాలా ఇష్టం. గుండ్రటి కాగితం అంచున సమాన దూరాల్లో 180 గీతలు గీసి, తిరిగే పళ్లెం మీద ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్‌జులది కాబట్టి పాత చోకు రకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. వేగం సరిగ్గా 33⅓ అయితే గీతలు కదలకుండా నిలిచిపోయినట్లు కనిపిస్తాయి. 180 గీతలే ఎందుకు కావాలో మీరే లెక్క కట్టండి.

రెండో కారణం, ఆ గాడుల్లో మనుషుల గొంతులున్నాయి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశారు. మన దేశంలో వాణిజ్యపరంగా వెలువడిన తొలి రికార్డుల్లో అవి ఉన్నాయి. ఆ తరువాత మన పౌరాణిక నాటకాల పద్యాలు, హరికథలు, లలితగీతాలు కూడా ప్లేట్లకెక్కాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటుకు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పాటే. గంటల తరబడి పాడగలవాళ్లు మూడు నిమిషాల్లో తమ విద్య చూపించవలసి వచ్చింది. అన్ని పాత ప్లేట్లూ కంప్యూటర్లకెక్కాయనుకోవద్దు. అసలు అచ్చు పోయిన పాటకు ఎక్కడో ఒక ఇంట్లో మిగిలిన ప్రతే ఆధారం. అది పగిలితే ఆ గొంతు మళ్లీ వినపడదు.

పగలడం ఎంతో సులభం. 78 వేగపు ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ ఆ లక్కే. లక్క పెళుసు. పైగా స్పిరిట్‌లో కరుగుతుంది, వడ్రంగులు పాలిష్ చేసేది అలాగే. కాబట్టి ఆ ప్లేట్లను స్పిరిట్‌తో తుడవకండి. 1948 నుంచి వచ్చిన పెద్ద రికార్డులు వినైల్ ప్లాస్టిక్‌వి. అవి అంత తేలికగా పగలవు గాని, మన ఎండలో పెడితే అప్పడంలా వంగిపోతాయి. ఏ రకమైనా నీడలో, పుస్తకాల్లాగా నిలబెట్టి ఉంచాలి. 78 ప్లేటు ముల్లు మొన వ్యాసార్ధం వినైల్ ముల్లుకు సుమారు నాలుగింతలు. ఒకదాని ముల్లుతో ఇంకొకటి వాయించవద్దు. కరెంటు పెట్టెను ప్లగ్గు తీయకుండా ముట్టుకోవద్దు. కీ గ్రామఫోనులోని స్ప్రింగు డబ్బాను అసలే విప్పవద్దు, ఉక్కుపట్టీ విడిపోతే చేతులు తెగుతాయి.

ఇప్పుడొక తగాదా గురించి చెప్పాలి. రికార్డు ధ్వని సీడీ కన్నా మేలని కొందరు గట్టిగా వాదిస్తారు. 2022లో అమెరికాలో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. అయితే అమ్మకం వేరు, రుజువు వేరు. కొలతల్లో చూస్తే సీడీలో రొద తక్కువ. చిన్న ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య వ్యత్యాసం దానిలోనే ఎక్కువగా ఇముడుతుంది. ఆ చిటపటల మధ్య వినడం ఇష్టమైతే అది తప్పు కాదు. ఇష్టాన్ని ఇష్టమనే చెప్పండి, సైన్సు అనకండి.

అనుమానముంటే పరీక్షించండి. రికార్డు మోగుతుండగా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించండి. చిటపటలు నకలులోనూ ఉంటాయి కాబట్టి వాటిని బట్టి పోల్చుకోవడం కుదరదు. మిత్రుణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టి, రెండింటి ధ్వనీ సమానంగా ఉంచి, నాణెం ఎగరేసి అసలో నకలో వినిపించండి. పదిసార్లలో అయిదు సరిగా చెబితే అది ఊహే. తొమ్మిదో పదో చెబితే ఆలోచించవలసిందే. ఏది తేలినా ఒక లాభం మిగులుతుంది, ఆ గొంతుకు రెండో ప్రతి తయారైంది.

ఇదంతా చదివి కొత్త ప్లేయరు కొనిపెట్టమని ఇంట్లో వేధించకండి. వేలు పోసి కొని అలమరలో అలంకారంగా పెట్టుకోవడం నేను చెప్పే అభిరుచి కాదు. ఈ ఆదివారం అమ్మమ్మనో తాతయ్యనో అడిగి అటక మీద ఏముందో చూడండి. ప్లేట్లు దొరికితే వాటి మీది పాట పేరు, పాడినవారి పేరు, నంబరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పెట్టె పనిచేయకపోతే మీ సైన్సు మాస్టారికి చూపించండి. పాతసామాను బండి వీధిలోకి వచ్చేలోగా ఈ పని కానివ్వండి.