తోటకు వచ్చు అతిథి, తోటను విడిచిపోవు కౌలుదారు

పట్టణవాసమున విసిగిన విద్యావంతులు కొందఱు ఉద్యోగములు మాని, ఆలుబిడ్డలతో పల్లెకు మరలి, పండ్లతోట వేసికొని, దానిని చూడవచ్చువారికి బసయు భోజనమును సమకూర్చి జీవింప మొదలిడినారు. ఈ గాలి తెలుగుదేశమునందును వీచుచున్నది. ఒంగోలునుండి కర్నూలుకు పోవు బాటమీద నున్న చీమకుర్తి ప్రాంతమున భూములుండి, హైదరాబాదుననో అమెరికాలోనో కాపురములు చేయుచున్న కుటుంబములు గలవు. వారిలో నెవరైనను వచ్చి తోట వేయుదుమన్నచో మనము సంతోషింపవలయునా, సంశయింపవలయునా? సంతోషింపవలయు ననియే మా యభిప్రాయము. కాని దానికొక షరతు గలదు.

చీమకుర్తి యనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది నల్లఱాయి. బంగారుచుక్కలతో మిలమిలలాడు ఆ గెలాక్సీ గ్రానైటు ఓడలెక్కి చీనాకును ఇటలీకిని పోవుచున్నది. దానివలన కొందఱు ధనవంతులైరి, అనేకులకు కూలి దొరకినది; కాదనము. అయినను ఱాయి ఒక్కమాఱే కోయదగిన పంట. కోసినచోట మిగులునది గొయ్యియు, దాని ప్రక్క వ్యర్థశిలల గుట్టయును. ఇక చేల సంగతి చూతము. పొగాకును నమ్ముకొన్న రైతు 2025లో నల్లబర్లీని కొను నాథుడు లేక అల్లాడగా ప్రభుత్వమే మార్కుఫెడ్డుద్వారా కొనవలసివచ్చినది. ఇట్టి సీమలో నాలుగు పండ్లచెట్లు నిలుచుట ఎవరికిం చేదు?

పెద్దలలో కొందఱి యాక్షేపణ వేఱు. తోటకు వచ్చినవానికి దోసెడు పండ్లు పెట్టి పంపుట మన యాచారము గదా, గుమ్మమువద్ద టిక్కెట్టు చింపుట యేమి మర్యాద యని వారందురు. మర్యాద మంచిదే. కాని అదే 2025 వేసవిలో చిత్తూరుసీమ మామిడిరైతునకు జరిగిన మర్యాద యెట్టిది? తోతాపురి ధర పడిపోగా, కిలోకు 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములవారును, 4 రూపాయలు ప్రభుత్వమును ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలసివచ్చినది. ఏడాది పొడవున చెట్టును సాకి ఆ 12 రూపాయలకై యెదురుచూచిన రైతు, కారులో వచ్చిన పట్టణవాసివద్ద రుసుము పుచ్చుకొన్నచో మర్యాద చెడునా? ఉలవపాడువద్ద రాజబాట ప్రక్కను బుట్టలు పేర్చుకొని మామిడి, సపోటా అమ్ముకొనువారు ఈ కిటుకును మనకంటె ముందే కనిపెట్టిరి. కొనువాడును పండించినవాడును ముఖాముఖి నిలిచినచోట దళారికి పని లేదు. బాటసారిని తోటలోనికే పిలుచుట దానికి మఱొక యడుగు మాత్రమే.

అయితే తోట పేర మఱొక వర్తకము సాగుచున్నది. చిన్నముక్కలుగా కోసిన భూమి, అందొక ఈతకొలను, నాలుగు కొబ్బరిమొక్కలు, ఒక కావలివాడు. యజమాని శనివారము వచ్చి ఆదివారము పోవును. దీనిని వ్యవసాయమనుటకు మాకు నోరాడదు. ఇటలీవారు 1985లోనే యొక చట్టము చేసి, అతిథులకు బస నిచ్చు రైతునకు సేద్యమే ప్రధానముగా నుండవలయుననియు, ఆతిథ్యము దానికి అనుబంధము మాత్రమే యనియు విధించిరి. మన ఱాతిని కొనుచున్న దేశమునుండి మన మా చట్టమును తెచ్చుకొన్నచో బేరము లాభసాటియే. మన తెలుగువారిలోనే నిదర్శనము గలదు. 1999లో ‘అరణ్య’ సంస్థను స్థాపించిన కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల క్షేత్రము జహీరాబాదు చేరువ బిడకన్నెయం దున్నది. 2017లో నానాదేశముల వ్యవసాయకులు అచ్చటికి వచ్చిరి. వారు చూడవచ్చినది ఈతకొలనును గాదు, మట్టిని.

ఇక మా షరతు. యజమాని దూరదేశమున నున్నంతమాత్రమున భూమి బీడుగా నుండదు. దానిని కౌలుదారు దున్నుచుండును. కౌలు ముందుగా చెల్లించి, విత్తనమునకును ఎరువునకును అప్పు తెచ్చి, పంట పోయిన నష్టమును తానే మోయునది అతడే. 2019లో ఆంధ్రప్రదేశమున జేసిన పంటసాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమునకు వీలు కల్పించినదిగాని, దానిపై యజమాని చేవ్రాలు కావలసియుండెను. చేవ్రాలనగానే వెనుకాడు యజమానులను ఈ పత్రిక చదువరులు ఎఱుగనివారు కారు. కొందఱు తామే అయియుందురు. కావున యజమాని కుమారుడు తోట వేయుదునని యొక ఉగాదినాడు దిగినచో కౌలుదారు నోరెత్తక గట్టు దాటి పోవలసినదే. మరలివచ్చినవాని ఛాయాచిత్రము పత్రికలలో పడును. వెడలిపోయినవాని పేరైనను ఎవరును అడుగరు. ఈ తప్పు మా పత్రికలవారిదియు గూడ.

దీనికి పరిష్కారము మొక్కల వరుసల నడుమనే యున్నది. మామిడిని 10 మీటర్ల యెడముతో నాటినచో ఎకరమునకు 40 మొక్కలు పట్టును. అవి చెప్పుకోదగిన కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు కావలయును. అంతవరకు నడుమ నేల యంతయు బయలే. ఆ నేలను పాత కౌలుదారునకే కౌలు లేక విడిచి, కందియో పెసరయో మిరపయో వేసికొనుమని, ప్రతిగా మొక్కలకు నీరును పాదులును కాపలాయును చూడుమన్నచో ఇరువురును నిలుతురు. పైగా నల్లరేగడిలో వాననీరు ఎచ్చట నిలుచునో, ఎచ్చట నాటిన బత్తాయి వేరు కుళ్లునో, పట్టణమునుండి వచ్చినవానికి ఏ పుస్తకము చెప్పును? ఆ చేనిని ఇరువదేండ్లు దున్నినవాడు చెప్పును. అతిథులు రాసాగిన పిమ్మట రుసుములో అతనికి భాగమును, వంటశాలలో పనిచేసినచో అతని యిల్లాలికి జీతమును ఏర్పఱుపవలయును.

ఇట్లు చేసిన భూమి చేజారునేమో యని కొందఱు శంకింతురు. ఒంగోలులో వకీళ్లకు కొదవ లేదు. అంతరపంట పనికి ప్రతిఫలముగా నిచ్చినదని, ఇన్ని యేండ్లకని, స్పష్టముగా వ్రాయించుకొనవచ్చును. నోటిమాటతో మాత్రము విడువరాదు. నోటిమాటలో నష్టపోవువాడు ఎప్పుడును ఒక్కడే.

తొలకరికి మొక్క నాటవలయునన్నచో వేసవిలోనే గోతులు త్రవ్వి యెండనియ్యవలయును. రానున్న వేసవిలో చీమకుర్తి చుట్టుపట్ల గోతులు త్రవ్వింప నెంచిన కుటుంబము లేవైన నున్నచో, కూలీలను పిలుచుటకు ముందుగా కౌలుదారును పిలిచి, అరుగుమీద కూర్చుండబెట్టి మాటాడవలయునని మా విన్నపము.